అత్త ఓటు ఎవరికి?

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున పదిన్నరకు, వనపర్తిలో నేను సెకండియర్ పిల్లలకు పౌరశాస్త్రం పాఠం చెబుతుండగా ఊరి నుంచి మా నాయిన ఫోన్ చేశాడు. "మీ అత్త లేదురా. పొద్దుగాల చాయ తాగింది, జరసేపు ఒరుగుత అన్నది. లేపితే లేవలే" అన్నాడు. తరువాత, "ఎవ్వరితోని కొట్లాడకుంట పోయింది" అని ఏడ్చాడు.

ఎవరైనా పోయాక రాసేటప్పుడు వాళ్లను శాంతమూర్తులుగా రాయడం మనకు అలవాటు. మా అత్త శాంతమూర్తి కాదు. మా ఊరు గద్వాల నుంచి మల్దకల్ పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది. ఆమెకు రెండు కళ్లూ కనిపించవు. పెళ్లి చేసుకోలేదు. మా ఇంట్లోనే, వీధి వైపు గదిలో ఉంటూ రైతులకు విత్తనం కోసం పల్లికాయ ఒలిచి ఇచ్చేది. మిషన్‌కు వేస్తే గింజ బద్దలవుతుంది, మొలవదు. అందుకని వానలకు ముందు సగం ఊరు బస్తాలు తెచ్చి ఆమె ముందు దించేది. ఒలుస్తూనే మంచి గింజ ఒక చాటలోకి, పుచ్చుగింజ ఇంకో చాటలోకి వేసేది. ఆ వేళ్లు తప్పు చేయడం నేను చూడలేదు. కొట్టడంలో కూడా అంతే. తాగొచ్చి పెళ్లాన్ని బాదేవాడి ఇంటికి పిలవకుండానే పోయేది, వాడి అరుపు ఎటునుంచి వస్తే అటు కట్టె తిప్పేది. మా వాడకట్టులో ఆ కట్టె తినని మగవాడు లేడు. కళ్లు లేని ఆడది కొట్టిందని స్టేషన్‌కు పోయి చెప్పుకోవడానికి ఎవడికి నోరొస్తుంది?

అంతటి మనిషి జీవితం మొత్తంలో కోరింది ఒక్కటే. తన ఓటు తన వేలితో వేయాలని. ఇంత చిన్న కోరిక కోసం ఎంత నెత్తురు కారిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అందులో కొంత నా నెత్తురు కూడా ఉంది. అది నాకు దక్కవలసిందే.

ఆమెకు పన్నెండేళ్లప్పుడు సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. ఊరు రెండు వర్గాలు, మా తాత ఒక వర్గానికి పెద్ద. పంచాయతీ ఆఫీసుకు వెల్ల వేయడానికి గోళెంలో సున్నం నానబెట్టి ఉంచారు. అది బుసబుస పొంగుతోంది. మాట మీద మాట పెరిగి ఎదుటి వర్గం వాడొకడు, పాతికేళ్ల మొనగాడు, ఆ పొంగే సున్నాన్ని బకెట్‌తో ముంచి మా తాత ముఖం మీదికి విసిరాడు. మా తాత తప్పుకున్నాడు. ఆయనకు సద్ది తెచ్చి వెనకాల నిలబడ్డది అత్త. ఆమె కళ్లలో పడ్డ ఆ సున్నం కడగడానికి నీళ్లు పోయాలా వద్దా అని ఆడవాళ్లు కొట్లాడుకుంటుండగానే అరగంట గడిచింది. ఎడ్లబండి మీద, తరువాత లారీ మీద కర్నూలు దవాఖానకు తీసుకుపోయేసరికి కండ్లు తెల్లబడి గడ్డకట్టాయట.

ఆ సాయంత్రమే మా వాళ్లు పోయి వాళ్ల గడ్డివాములు తగలబెట్టి, ఒకడి చెయ్యి నరికారు. వారం తిరగకుండా వాళ్లు మా చిన్నతాతను నడిబజారులో గొడ్డలితో కొట్టి చంపారు. ఆ తరువాత పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. చేతికి ఇంత, ప్రాణానికి ఇంత అని మాటలు నడిచాయి. మా అత్త కండ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని మా తాతను నేను చిన్నప్పుడు అడిగితే ఆయన లేచి చేనుకు పోయాడు. తప్పుకున్న మనిషి ఏం చెబుతాడు?

సున్నం విసిరినవాడు ముసలివాడై ఊరి పెద్దమనిషి అయ్యాడు. ఆయన మార్చని పార్టీ లేదు. ఒక ఎన్నికలప్పుడు మా నాయిన ఉన్న పార్టీలోకే వచ్చి, పదిమందిని వెంటబెట్టుకుని మా ఇంటికి అన్నానికి వచ్చాడు. అత్త ఆ గొంతు విన్నది. చేతిలో ఉన్న ఇత్తడి చెంబు గొంతు వచ్చిన వైపు విసిరింది. ఆయన నుదురు చిట్లింది. అన్నం ఆకులో నెత్తురు పడింది. మా నాయిన ఆయన చేతులు పట్టుకుని బతిమాలుకుని, లోపలికొచ్చి అత్త మీద పడ్డాడు. "పార్టీ మనది చెల్లె. పాతయన్ని తవ్వుకుంట కూసుంటమా?" అన్నాడు.

"పార్టీ నీది. కండ్లు నావి" అన్నది అత్త.

వికలాంగుల సర్టిఫికెట్ కోసం డాక్టర్ల క్యాంపుకు తీసుకుపోయినప్పుడు కూడా ఇలాగే నవ్వాలో ఏడవాలో తెలియని మాట ఒకటి అన్నది. పొద్దున ఎనిమిదింటి నుంచి ఎండలో లైనులో నిలబడ్డాం. కాళ్లు లేనివాళ్లకు క్యాంపు పై అంతస్తులో పెట్టిన ఘనులు వాళ్లు. మెట్ల మీద చేతులతో పాకుతున్నవాళ్లను తొక్కుకుంటూ పోలీసులు తోసుకొచ్చారు. ఒక ముసలాయన దొర్లి కిందపడి పళ్లు రాలగొట్టుకున్నాడు. సాయంత్రానికి డాక్టరు అత్త కళ్లలోకి లైటు కొట్టి కాయితం మీద నూరు శాతం అని రాసిచ్చాడు. అది చదివి చెబితే అత్త పకపకా నవ్వింది. "బడికి పోనోళ్లకు గూడ నూటికి నూరిస్తరా అల్లుడా!" అన్నది. తరువాత ఆ పళ్లు పోయిన ముసలాయన ఎక్కడున్నాడో వెతికించి, తన కొంగు చింపి ఆయన నోటికి అడ్డం పెట్టింది.

ఇక ఓటు సంగతి. చూపు లేనివాళ్లకు తోడు మనిషి వచ్చి ఓటు వేయవచ్చని రూలు ఉంది. ఆ తోడు ఎవరన్నది ఓటరు ఇష్టం. మా ఊళ్లో ఆ ఇష్టం ఎన్నడూ ఓటరుది కాదు. పోలింగ్ రోజు పొద్దున మా ఊరి ముసలోళ్లకు ఉన్నట్టుండి చూపు పోయేది. "కండ్లు కనపడ్తలేవని చెప్పు అవ్వా, మా పిల్లగాడు తోడొస్తడు" అని రెండు పార్టీల వాళ్లూ చెప్పి పంపేవాళ్లు. సాయంత్రానికి అందరికీ మళ్లీ చూపు వచ్చేది. అసలు చూపు లేని మా అత్తకు మాత్రం ముప్పై ఏళ్లు మా నాయినే తోడు. ఎవరికి వెయ్యాలని ఆయన ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు, అంతే. అన్నం వడ్డించినట్టు వేసేవాడు.

దీని మీద నేను ఆయనను తిట్టేవాడిని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వనపర్తిలో విద్యార్థి సంఘం నాయకుణ్ణి. నా దగ్గర ప్రపంచంలో ఉన్న ప్రతి ప్రశ్నకూ జవాబు ఉండేది. అత్త నన్ను కదిపి నవ్వుకునేది. ఒకసారి, "మీ సంఘంల మా అసుంటోళ్ల గురించి ఏమనుకుంటరురా?" అని అడిగింది. అది ప్రధాన వైరుధ్యం కాదు, సమాజం మారితే వికలాంగుల సమస్య దానంతటదే తీరిపోతుంది అని గంటసేపు చెప్పాను.

"గా సమాజం మారెదాంక మేం యాడ కూసోవాలె? మెట్ల కిందనా?" అన్నది. మీటింగుకు ఆలస్యమైందని లేచి బస్సుకు పోయాను. అది తప్పించుకోవడమని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో ఒకాయన ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. పోలియో వల్ల రెండు కాళ్లూ పడిపోయిన మనిషి. చేత్తో తొక్కే మూడు చక్రాల బండి మీద ఊరూరూ తిరిగేవాడు. దిగితే చేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని నేల మీద పాకేవాడు. మా ఊరికి వచ్చిన రోజు, అప్పటికి మళ్లీ ఎదుటి పార్టీకి పోయిన సున్నం పెద్దమనిషి మనుషులూ మా నాయిన పార్టీ పిల్లలూ ఒక్కటై ఆయన బండిని మురుగు మోరీలోకి తోశారు. చేతి చెప్పులు గుంజి ఇంటి కప్పు మీదికి విసిరారు. "పాకుకుంట అసెంబ్లీకి పో" అని తన్నారు. నవ్వులు విని అత్త కట్టె పట్టుకుని వచ్చింది. ఎవరిదో గొంతు మీద ఒకటి, ఇంకెవరిదో మోకాలి మీద ఒకటి వేసింది. ఎవడో ఆమె కడుపులో తన్నాడు. ఆమె ఆ మనిషి పక్కనే మట్టిలో పడింది. జనం చెదిరిపోయాక ఇద్దరూ అక్కడే కూర్చున్నారట.

"ఏమియ్యనీకె వచ్చినవ్ తమ్మీ?" అని అడిగింది అత్త.

"నాకాడ ఇయ్యనీకె ఏం లేదక్కా. ఏ ఆఫీసుకు పోయినా పైకి పోనీకె దారుండాలె, గదొక్కటే అడుగుత."

"గదొక్కటేనా?"

"గదొక్కటి అయితే, మిగిలినయి మనమే పైకి పోయి అడుగుతం గదా."

అత్తకు ఆ మాట నచ్చింది. ఇంటికొచ్చి నాకు నాలుగుసార్లు చెప్పింది. ఆ ఎన్నికలకు మా నాయిన బూతు ఏజెంటుగా కూర్చోవలసి వచ్చింది. అందుకని తోడుగా నన్ను రమ్మన్నది. "నేను చెప్పినోనికే ఎయ్యాలె. గుర్తున్నదా?" అని దారి పొడవునా అడిగింది. ఓటు రహస్యం కాపాడతానని బూతులో కాయితం మీద సంతకం చేశాను. ఇద్దరం అట్ట చాటుకు పోయాం. అత్త నా మోచెయ్యి పట్టుకుని నిలబడ్డది.

నేను మా సంఘం మద్దతు ఇచ్చిన అభ్యర్థికి నొక్కాను.

ఎందుకు అని అడుగుతారు. నేనూ చాలాసార్లు అడుక్కున్నాను. గెలవని ఇండిపెండెంటుకు వేస్తే ఓటు వృథా, ఓట్లు చీలితే శత్రువుకు లాభం, ఇలా పోస్టర్ల మీద రాసేవన్నీ ఆ క్షణంలో నా తలలో ఉన్నాయి. యంత్రం మోగింది. ఎవరికి వేసినా మోత ఒక్కటే. పక్కనున్న డబ్బా అద్దంలో ఏ గుర్తుకు పడిందో చూపే చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. కనిపించింది నాకు. "పడ్డదా?" అన్నది అత్త. "పడ్డది అత్తా" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నా జేబులో మిఠాయి పెట్టింది కూడా.

ఓట్ల లెక్కింపు అయిన వారానికి ఆ మూడు చక్రాల మనిషి మళ్లీ మా ఊరికి వచ్చాడు. అత్త వాకిట్లో పల్లికాయ ఒలుస్తోంది. నేను పక్కనే అరుగు మీద ఉన్నాను.

"మీ ఊరికి మొక్కి పోదామని వచ్చిన అక్కా. ఒక్క ఓటు గూడ పడలే గాని, దెబ్బలు తిన్న ఊరు గదా, మర్వలేను" అన్నాడు.

అత్త నవ్వింది. "ఒక్కటి గూడ పడలేదంటవేందయ్యా? నాదేమాయె?"

ఆయన జేబులోంచి బూతువారీ ఓట్ల కాయితం తీశాడు. వేలు పెట్టి వెతికాడు. "ఈ బూతుల సున్న అక్కా."

"మళ్ల జూడు."

"జూసిన. సున్ననే."

అత్త చేతులు చాటలో ఆగిపోయాయి. నేను లేచి పారిపోవచ్చు. వీధి తలుపు తీసే ఉంది. "అల్లుడా, యాడున్నవ్?" అన్నది. "ఈడనే" అన్నాను. కట్టె లేచింది. అది నాకు తగలకుండా గుంజకు తగిలింది. ఆమె తల నా వైపు తిప్పి, "నాకు కనపడదు. నువ్వే రా" అన్నది.

పోయాను. ఎందుకు పోయానో తెలియదు గానీ పోయాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది చెవి మీద. మూడోదానికి కనుబొమ్మ చీలి కంట్లోకి నెత్తురు కారింది. "ఇడువక్కా, చస్తడు" అని ఆ మనిషి బండి మీంచి దొర్లి వచ్చి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. కట్టె విరిగేదాకా కొట్టింది. తరువాత విరిగిన ముక్క పారేసి రొప్పుతూ కూర్చుంది.

"ఓటు వృథా అయితదని అత్తా..." అన్నాను, సిగ్గు లేకుండా.

"నాది. ఖరాబు చేసుకుంటే నేను చేసుకుంట" అన్నది. తరువాత, "నా కండ్లు సున్నంల పోయినయ్. నా ఓటు సున్నల పోయింది. సున్నం పోసినోడు మా నాయిన మీద పోసిండురా, నా మీద గాదు. నువ్వు నన్ను జూసే చేసినవ్" అన్నది.

గద్వాల దవాఖానలో నాలుగు కుట్లు పడ్డాయి. బండి మీంచి పడ్డానని డాక్టరుకు చెప్పాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మా క్లాసు పిల్లలు అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. మా అత్త కొట్టిందని, కొట్టవలసిన పనే చేశానని చెబుతాను.

ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో నెలలో ఫోన్ చేసి, "ఆదివారం రా. బండి తీస్కరా" అని మాత్రం అన్నది. మల్దకల్‌లో చూపు లేని పిల్లలకు బ్రెయిలీ నేర్పే టీచరమ్మ ఉందని ఎవరో చెప్పారట. ఓటు యంత్రం మీద ప్రతి బొత్తాం పక్కన బ్రెయిలీలో నంబరు ఉంటుందని, అభ్యర్థుల పేర్ల కాయితం కూడా చుక్కల్లో బూతుకు పంపుతారని ఆ మూడు చక్రాల మనిషి ఆమెకు చెప్పి పోయాడు. యాభై దాటిన మనిషి ఏడేళ్ల పిల్లల పక్కన చాప మీద కూర్చుంది. టీచరమ్మ ఆమె చెయ్యి పట్టి చూసి, "పొట్టు తీసి తీసి వేలి కొస మొద్దుబారిందమ్మా, చుక్క తెలువదు" అన్నది. ఆ రోజు నుంచి అత్త కుడి చూపుడువేలికి నూనె రాసి గుడ్డ చుట్టుకుని, మిగతా వేళ్లతోనే పల్లికాయ ఒలిచింది. పని సగానికి పడిపోయింది. మా నాయిన తిట్టాడు, గుడ్డ పీకి పారేశాడు. ఇంకో గుడ్డ చుట్టుకుంది. రెండేళ్లు పట్టింది. తన పేరు తాను మొదటిసారి చదివిన రోజున నా వీపు మీద ఒక్కటి చరిచి, "బండి తియ్" అన్నది. దారి పొడవునా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.

పోయిన అసెంబ్లీ ఎన్నికలకు, "ఈసారి తోడెవ్వరొద్దు, నా ఓటు నేనే ఏస్త" అని ఊళ్లో చాటింపు వేసినట్టు చెప్పింది. రెండు పార్టీలకూ గుండెలో రాయి పడింది. ఆమె ఒక్క ఓటు గురించి కాదు. నిజంగా చూపు లేని మనిషే ఒంటరిగా పోయి వేసి వస్తే, చూపున్న ముసలోళ్లను ఇక ఏ మొహంతో గుడ్డివాళ్లను చేస్తారు? అప్పటికే ఇద్దరు ముగ్గురు అవ్వలు "మేం గూడ మేమే ఏస్తం" అనడం మొదలుపెట్టారు. ఎవరో మా ఇంటి మీదికి రాళ్లు వేశారు. ఒక రాయి నీళ్ల కుండ పగలగొట్టింది. మూడు చక్రాల మనిషి మళ్లీ నిలబడ్డాడు. ముందే చెబుతున్నాను, ఈసారి మా బూతులో ఆయనకు వచ్చింది సున్న కాదు, ఒకటీ కాదు, కొన్ని వచ్చాయి. అందులో మా అత్తది ఉందో లేదో నాకు తెలియదు.

పోలింగ్ రోజు పొద్దున తొమ్మిదింటికి బడి గేటు దగ్గరికి వచ్చాం. నేను ఆమె వెనక నడుస్తున్నాను. మా నాయిన ఎదురొచ్చి, "చెల్లె, ఎన్నడు లేనిది ఇదేంది, నేను తీస్కపోత" అని ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు. "ఆమెను వాని చేతుల పెట్టొద్దు, మన పిల్లగాన్ని తోలుండ్రి" అని సున్నం పెద్దమనిషి అరిచాడు. వాళ్లవాడొకడు ఎడమచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ చెరొక వైపు గుంజారు. "ఇడువుండ్రిరా, నేను మీ పశువునా?" అని అత్త అరుస్తూనే ఉంది. ఎవడో మా నాయినను గుద్దాడు. మా వాళ్లు రాళ్లు తీశారు. ఒకడి తల పగిలింది. ఉన్న ఒక్క కానిస్టేబులు లాఠీ ఎవరిమీద పడుతోందో చూసుకోకుండా కొట్టాడు. అత్త వాళ్లను విడిపించుకుని గేటు ఇనుప కమ్మీ పట్టుకుంది. రెండు పార్టీల చేతులూ గేటు మీదే ఉన్నాయి. ఎవరు తోశారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. గేటు ధన్‌మని మూసుకుంది.

ఆమె కుడిచెయ్యి మధ్యలో నలిగింది. మధ్యవేలు విరిగి పక్కకు ఒరిగింది. చూపుడువేలి గోరు ఊడి వేలాడుతోంది. నాలుగేళ్లు గుడ్డ చుట్టి కాపాడుకున్న వేలు. నాయిన, "దవాఖానకు పోదాం చెల్లె" అన్నాడు. ఓటు మాట ఎత్తకుండా ఆయన ఆమెతో మాట్లాడటం ఆ రోజు అదే మొదలు.

"ఏసినంక పోత. తప్పుకో" అన్నది అత్త. పళ్లు బిగించి వేలాడుతున్న గోరును తానే పీకి పారేసింది. నేను ఏడుస్తున్నాను. సిగ్గేం లేదు, గట్టిగానే ఏడ్చాను.

లోపల ఆఫీసరు ఆమె చెయ్యి చూసి లేచి నిలబడ్డాడు. "తోడెవరమ్మా? ఒంటిగా ఎట్లా వేస్తారు?" అన్నాడు.

"నేనడిగితేనే తోడు. నేనడుగలే. చుక్కల కాయితం ఇయ్యి" అన్నది.

ఆయనకు అర్థం కాలేదు. ఆమె చెప్పగా చెప్పగా, టీ గ్లాసుల కింద పరిచిన మందపు కాయితం అదేనని తేలింది. తుడిచి ఇచ్చాడు. అత్త ఎడమచేతి వేలు పెట్టి చూసింది. ఆ వేలికి అక్షరాలు రావు. కుడిచేతి తోలూడిన వేలినే చుక్కల మీద పెట్టింది. ఒక్కో పేరు దగ్గర ఆగి ఊపిరి బిగపట్టి చదివింది. కాయితం ఎర్రబడింది. బయట లైను గోల చేస్తోంది. "మీ వెనక ఉన్నాయన మీవాడేనా, ఆయన్నైనా పిలుస్తాను" అన్నాడు ఆఫీసరు జాలిగా.

"ఆడు నా ఎనక లైన్ల ఉన్నడు. ఆడనే ఉండనియ్యి" అన్నది.

ఎడమచేతి వేలికి సిరా పెట్టించుకుని, గోడ తడుముకుంటూ అట్ట చాటుకు పోయింది. చాలాసేపటికి యంత్రం మోగింది. కానీ ఆమె బయటికి రాలేదు. "అయిపోయిందమ్మా, ఓటు పడ్డది, రండి" అన్నాడు ఆఫీసరు. "వస్తున్న. జర ఆగు సారూ" అన్నది. ఇంకా రాలేదు. ఆ తరువాత నిదానంగా వచ్చింది. నా పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగి, "పో. నీది నువ్వు ఏస్కో" అన్నది.

నా వంతు వచ్చింది. అట్ట చాటుకు పోయి యంత్రం ముందు నిలబడ్డాను. పదకొండు మంది అభ్యర్థులు, కింద నోటా. మొదటి బొత్తాం మీద నెత్తుటి వేలిముద్ర ఉంది. రెండోదాని మీదా ఉంది. మూడోదాని మీదా ఉంది. పై నుంచి కింద నోటా దాకా పన్నెండు బొత్తాల మీదా పన్నెండు ముద్రలు. ఒక్కసారి మోగాక మిగతావి ఎన్ని నొక్కినా యంత్రం పట్టించుకోదు. తన ఓటు తాను వేసుకుని, ఆ తరువాత ఆ నలిగిన వేలితోనే మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా నొక్కింది మా అత్త. ఆమె వెనక వచ్చేది నేనని ఆమెకు తెలుసు. అబద్ధమెందుకు, నేను వెతికాను. ఎక్కడైనా ఒకటి ఎక్కువ ఎర్రగా ఉందేమోనని వంగి మరీ చూశాను. అన్నీ ఒక్కతీరుగానే ఉన్నాయి, అన్నీ ఇంకా తడిగానే ఉన్నాయి.